సొంత ఖర్చుతో వేసుకుంటే తప్పేమిటి?

"ఆ పుస్తకం ఆయనే వేసుకున్నాడు లెండి." సాహిత్య సభల్లో, సమీక్షకుల సంభాషణల్లో, అవార్డు కమిటీల గదుల్లో ఈ వాక్యం ఎంత తేలిగ్గా దొర్లిపోతుందో అక్కడ కూర్చున్న వాళ్లందరికీ తెలుసు. ఆ ఒక్క మాటతో పుస్తకం కథ ముగిసిపోతుంది. లోపల ఏముందో చూడాల్సిన పని ఉండదు. ఎవరో ఒక ప్రచురణకర్త తన డబ్బు పెట్టి వేస్తేనే అది పుస్తకమనీ, రచయిత తన జేబులోంచి తీస్తే అది కీర్తి కండూతి అనీ, రచయిత దగ్గర డబ్బు తీసుకుని వేసిపెట్టే సంస్థ ప్రచురణ సంస్థే కాదనీ మన సాహిత్య లోకంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. చదువుకున్నవాళ్లు, మంచి పుస్తకాలు రాసినవాళ్లు కూడా ఇదే అంటున్నారు. వాళ్లలో చాలామంది తొలి పుస్తకాలు సొంత ఖర్చుతోనే వచ్చాయి.

ఈ అభిప్రాయం తప్పు. తెలుగు పుస్తకం చరిత్ర దీన్ని ఒప్పుకోదు, లెక్కలు ఒప్పుకోవు. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, ఇది అసలు అన్యాయం ఎక్కడ జరుగుతోందో కనబడకుండా చేస్తోంది. డబ్బు ఎవరిదని ఆరా తీసేవాళ్లు ఆ పుస్తకాన్ని ఎవరు దిద్దారని అడగరు. హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయని అడగరు. అచ్చయిన ప్రతులు ఏ అంగడికి చేరాయని అడగరు. అడగాల్సినవి ఈ మూడే.

చరిత్ర దగ్గర మొదలుపెడదాం. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టినప్పుడు పత్రికను మద్రాసులో అచ్చువేయించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత రాజమండ్రిలోనే ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. 'రాజశేఖర చరిత్రము' మొదట ఆ పత్రికలోనే భాగాలుగా వచ్చి 1880లో పుస్తకమైంది. రాసింది ఆయనే, అచ్చుకు పూనుకున్నదీ ఆయనే. తెలుగు నవలకు ఆద్యుడని మనం పాఠ్యపుస్తకాల్లో చెప్పుకునే మనిషి, ఎవరో వచ్చి తన రాతప్రతిని ఎంపిక చేస్తారని ఎదురు చూడలేదు. ఆయన రాసినవి విధవా వివాహం గురించి, కుల దురాచారాల గురించి, లంచగొండి ఉద్యోగుల గురించి. వాటికి పెట్టుబడి పెట్టే వ్యాపారి ఆనాడు ఎక్కడ దొరుకుతాడు?

అంతకుముందు మనకు కృతిభర్తలు ఉండేవాళ్లు. కావ్యం ఎవరికి అంకితమైతే ఖర్చు వారిది. అచ్చు వచ్చాక ఆ పని జమీందార్లు చేశారు. 'శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు' పిఠాపురం మహారాజా వారి పోషణతో తయారైంది, అందుకే ఆయన పేరు పెట్టుకుంది. దానిని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు, మాట్లాడకూడదు కూడా. ఒక సంస్థానాధీశుడు ఇచ్చిన సొమ్ముతో వచ్చిన పుస్తకం పూజనీయమైతే, ఒక బడిపంతులు తన పెన్షన్‌లోంచి తీసి ఇచ్చిన సొమ్ముతో వచ్చిన పుస్తకం నామోషీ ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు నాకు ఇంతవరకు సరైన జవాబు దొరకలేదు. పోషకుడు దూరంగా ఉంటే గౌరవం, రచయితే పోషకుడైతే అగౌరవం అనే లెక్క ఎక్కడిదో ఆ మాటలు అనేవాళ్లే చెప్పాలి.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాల్లో ఎక్కువ భాగం 1930ల్లో రాసినవి. అవి పుస్తకంగా వచ్చింది 1950లో. వేసింది పేరు మోసిన వ్యాపార సంస్థ కాదు, నళినీకుమార్ అనే సాహిత్యాభిమాని. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కవిత్వాన్ని ఇంతగా మలిచిన పుస్తకం, ఒక మనిషి ఇష్టపడి పూనుకుంటే వెలుగు చూసింది. 1965లో దిగంబర కవుల తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. ఏ ప్రచురణ సంస్థ గడపా తొక్కని కవిత్వం అది. స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' 1993లో, దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చాయి. వాటి వెనక ఉన్నది ఆ ఉద్యమాల్లో నిలబడ్డవాళ్ల పూనిక, శ్రమ. రంగనాయకమ్మ తన పుస్తకాలను స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తానే వేసుకున్నారు. పేజీల సంఖ్య చూసి ధర చూస్తే నమ్మబుద్ధి కానంత తక్కువకు అమ్మారు. రచయితే ప్రచురణకర్త కాబట్టే ఆ ధర సాధ్యమైంది. ఇవన్నీ పక్కన పెట్టి, తెలుగులో పరులు వేసిన పుస్తకాలనే లెక్కలోకి తీసుకుంటే మన ఆధునిక సాహిత్యంలో సగానికి సగం అరలు ఖాళీ అయిపోతాయి.

ఇంగ్లిషు సాహిత్యాన్ని ప్రమాణంగా చూపేవాళ్ల కోసం ఒక విషయం. జేన్ ఆస్టెన్ తొలి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811లో లండన్ ప్రచురణకర్త థామస్ ఎగర్టన్ ద్వారా వచ్చింది. ఖర్చూ నష్టభయమూ రచయిత్రివి, అచ్చువేయించి అమ్మిపెట్టడం ఆయన వంతు, అందుకు ఆయనకు కమీషన్. మొదటి ముద్రణ అమ్ముడుపోయి ఆమెకు 140 పౌండ్ల లాభం మిగిలింది. రెండో నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులను మాత్రం ఆమె అదే ఎగర్టన్‌కు 110 పౌండ్లకు అమ్మేసింది. 150 వస్తే బాగుండునని అప్పుడే అనుకుంది. 1813లో వచ్చిన ఆ నవల బాగా అమ్ముడుపోయింది. మళ్లీ మళ్లీ అచ్చయింది. ఆ లాభం ఎగర్టన్ ఖాతాలోకి వెళ్లింది. సొంత డబ్బు పెట్టినచోట హక్కు ఆమె దగ్గర ఉంది, ఫలితమూ దక్కింది. పరుల డబ్బు పెట్టినచోట రెండూ పోయాయి. ఫ్రాన్సులో మార్సెల్ ప్రూస్త్ మహా నవల తొలి భాగం కూడా 1913లో రచయిత ఖర్చుతోనే గ్రాసే సంస్థ వేసింది. అంతకుముందు దాన్ని తిరస్కరించిన వాళ్లలో ఆనాటి ఫ్రెంచి సాహిత్యానికి పెద్దదిక్కుగా ఉన్న ఎన్.ఆర్.ఎఫ్. సంపాదకులున్నారు. ఆ పొరపాటుకు వారిలో ఒకడైన ఆంద్రె జీద్ తర్వాత స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాడు. నవల రెండో భాగానికి 1919లో గోంకూర్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఎదుటివాళ్లు ఒక వాదన తెస్తారు. అది బలహీనమైనదేమీ కాదు. ప్రచురణకర్త డబ్బు పెడుతున్నాడంటే అతను పుస్తకాన్ని నమ్మాడని అర్థం, ఆ నమ్మకమే పాఠకుడికి భరోసా, అది లేకపోతే చెత్తంతా మీద పడుతుంది అంటారు. సిద్ధాంతంగా వినడానికి బాగుంది. మరి తెలుగులో ప్రచురణకర్త డబ్బు ఎక్కడికి వెళుతోంది? విజయవాడలోనో, హైదరాబాద్ కోఠిలోనో ఏ పుస్తకాల అంగడిలోనైనా పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. పోటీపరీక్షల గైడ్లు, వ్రతకల్పాలు, పంచాంగాలు, వ్యక్తిత్వ వికాసం, వంటల పుస్తకాలు, ఇప్పటికే పేరున్నవాళ్ల పునర్ముద్రణలు. ఇవి వేయడం తప్పు కాదు. వాటి మీద వచ్చే ఆదాయంతోనే అంగళ్లు నడుస్తున్నాయి. కానీ ఆ పెట్టుబడి కొలిచేది అమ్మకాన్ని. తొలి కథాసంపుటి తెచ్చే కొత్త రచయిత్రి బాగా రాసిందా లేదా అన్నది ఆ కొలతకు అందదు. ఆమె రాతప్రతిని చదవడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న తెలుగు ప్రచురణ సంస్థలు ఎన్ని? లేని జల్లెడను చూపించి, అందులోంచి రాలేదని ఆమెను తప్పు పడుతున్నాం.

ఇంకొక సంగతి. తెలుగు పుస్తకాల మొదటి పేజీ వెనక్కి తిప్పి చూడండి. "పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం పాక్షిక ఆర్థిక సహాయంతో" అని కొన్నింటి మీద ఉంటుంది. "తిరుమల తిరుపతి దేవస్థానముల ఆర్థిక సహాయంతో" అని కొన్నింటి మీద ఉంటుంది. మరికొన్నింటి మీద "ప్రతులకు" అన్నచోట రచయిత ఇంటి చిరునామా, దాని కింద విశాలాంధ్ర, నవోదయ వంటి పుస్తక విక్రేతల పేర్లు ఉంటాయి. ఆ పేజీలు నిజం చెబుతున్నాయి. తెలుగులో కవిత్వం, కథ, విమర్శ, స్థానిక చరిత్ర చాలాకాలంగా రచయితల డబ్బుతో, మిత్రుల చందాలతో, కొంత సంస్థల సాయంతో బతుకుతున్నాయి. ఇది మనకు మామూలు దారి. మామూలు దారిని దొడ్డిదారి అని పిలవడం ఎప్పుడు మానుకుంటాం?

ఆ పిలుపు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. నామోషీ అన్నది మనిషిని ఒంటరిని చేస్తుంది. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పి రిటైరైన మాస్టారు, తన ఊరి చెరువుల మీద, గొలుసుకట్టు నీటి పారకం మీద ఏళ్లతరబడి సేకరించిన సమాచారాన్ని పుస్తకం చేద్దామనుకుంటారు. సొంతంగా వేసుకుంటున్నానని నలుగురికి చెప్పడానికి మొహమాటం. సలహా అడగడానికి బిడియం. దగ్గర్లో శుభలేఖలు వేసే డి.టి.పి. సెంటర్‌కు వెళతారు. అక్కడి కుర్రాడు టైపు చేసిస్తాడు, ఆయనే ప్రూఫ్ చూసుకుంటారు. తన రాతలోని తప్పు తన కంటికి ఎప్పుడూ కనబడదు. వెయ్యి కాపీలు వేస్తే ఒక్కోటి చవక పడుతుందని ప్రెస్సువాళ్లు చెబితే వెయ్యీ వేయిస్తారు. ఆవిష్కరణ సభలో వంద పంచుతారు. మిగిలినవి అటక ఎక్కుతాయి. విషయసూచిక ఉండదు, పటాలకు శీర్షికలు ఉండవు, ఒక పేజీలో ఒక చెరువుకు ఒక పేరుంటే ఇంకో పేజీలో ఇంకో పేరుంటుంది. అప్పుడు విమర్శకుడు ఆ పుస్తకం తిరగేసి, సొంతంగా వేసుకున్న పుస్తకాలన్నీ ఇంతే అంటాడు. ఆ మాస్టారికి లేనిది ప్రచురణకర్త డబ్బు కాదు. ఆయనకు లేనిది ఒక మంచి ఎడిటర్, ఒక ప్రూఫ్ రీడర్, ప్రతులను అంగడికి చేర్చే ఒక మనిషి. వీళ్లను ఆయన తన డబ్బుతోనే తెచ్చుకోవచ్చు. సిగ్గుపడాల్సిన పని కాదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే తెచ్చుకునేవారు.

ప్రచురణ సంస్థ తోడుగా సొంత ప్రచురణ అంటే నా దృష్టిలో ఇదే. ఖర్చు రచయితది, హక్కు రచయితది, పని మాత్రం ఆ పని తెలిసినవాళ్లది.

ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడమని చాలామంది అనుకుంటున్నారు. అది చివరి పని. కథాసంపుటిలో పన్నెండు కథలుంటే ఏది ముందు, ఏది చివర అన్నది ఎడిటర్ ఆలోచించాల్సిన సంగతి. మూడు కథలు ఒకే తీరుగా ఆస్పత్రి వరండాలో మొదలవుతున్నాయని రచయితకు చెప్పాలి. నవలైతే నాలుగో అధ్యాయంలో సుభద్రమ్మగా ఉన్న అత్తగారు తొమ్మిదో అధ్యాయంలో సావిత్రమ్మ అయిందని పట్టుకోవాలి. ఒక కథ బాగాలేదు, తీసేద్దామని చెప్పగలగాలి. అది అన్నిటికన్నా కష్టమైన పని. ఇక భాష. పాలమూరు ముసలామె "వాడు పొద్దుగాల్నే పొయ్యిండు" అంటే, ప్రూఫ్ చూసేవాడు దాన్ని తప్పనుకుని "వాడు ఉదయాన్నే వెళ్లాడు" అని దిద్దేసిన పుస్తకాలు నేను చదివాను. పుస్తకమంతా అలా చదునై పోయింది. మాండలికం తెలిసిన ఎడిటర్ ఉంటే, ఆ ముసలామె నోట ఒకచోట "పొయ్యిండు", ఇంకోచోట "పోయాడు" అని వచ్చినప్పుడు ఆగి రచయితను అడుగుతాడు. ఏది కావాలనుకున్నారు? ఒకే మనిషి రెండు రకాలుగా ఎందుకు మాట్లాడుతోంది? ఆ ప్రశ్న వేసే మనిషి కోసమే రచయిత డబ్బు ఖర్చు పెట్టాలి.

పేజీ తయారీ కూడా చులకన చేయదగ్గది కాదు. అను ఫాంట్లలో టైపు చేసిన రాతప్రతిని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి, కొన్ని అక్షరాలు మాయమవుతాయి. మారిన ప్రతిని మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాలి. చదవకపోతే ఆ చెదిరిన పాఠమే ఈ-బుక్ అయి శాశ్వతంగా నిలిచిపోతుంది. ఫారాల లెక్క తెలిసినవాడు నూట అరవై ఎనిమిది పేజీల పుస్తకాన్ని నూట అరవైకి తేవచ్చని చెబుతాడు. అప్పుడు పదహారు పేజీల ఫారాలు సరిగ్గా పది వస్తాయి, కాగితం వృథా కాదు. బైండింగ్ జిగురుతో చేయాలా, కుట్టించాలా అన్నది పుస్తకం ఎంత లావుందో, ఎన్నేళ్లు గ్రంథాలయంలో నలగాలో చూసి చెబుతాడు. అట్ట మీద బొమ్మ వేసిన చిత్రకారుడికి డబ్బిచ్చి, పేరు లోపల వేస్తాడు. గూగుల్‌లో దొరికిన ఫోటోను అతికించి చేతులు దులుపుకోడు.

ఇలాంటి తోడ్పాటును వృత్తిగా చేసేవాళ్లు తెలుగులో ఇప్పుడు ఉన్నారు. గత పదేళ్లలో ఛాయ, ఆన్వీక్షికి వంటి సంస్థలు కొత్త రచయితల పుస్తకాలను చూడచక్కగా తెచ్చి, పుస్తక ప్రదర్శనల్లో పాఠకుల చేతిలో పెట్టాయి. వందో రెండువందలో ప్రతులు డిజిటల్‌గా అచ్చువేసి, అమ్ముడయ్యాక మళ్లీ వేసే వీలు వచ్చింది. వెయ్యి కాపీల బరువు మోయాల్సిన రోజులు పోయాయి. ఇంత మంచి వీలు తెలుగు రచయితకు మునుపెన్నడూ లేదు. సరిగ్గా ఇప్పుడే మనం పాత నామోషీని పట్టుకుని కూర్చున్నాం.

ఆ నామోషీ నీడలో ఎవరు పెరిగారో చూడండి. "మీరు రాయండి, మిగిలింది మాకు వదిలేయండి" అంటూ వెండి, బంగారు, ప్లాటినం అని పేర్లు పెట్టి ప్యాకేజీలు అమ్మేవాళ్లు పెరిగారు. ఒక రచయిత్రి అలాంటి ఒక సంస్థతో చేసుకున్న ఒప్పందం నేను చదివాను. ఎడిటింగ్ అన్నచోట కంప్యూటర్‌తో స్పెల్లింగ్ సరిచూడటం తప్ప ఏమీ లేదు. తెలుగుకు అదీ సరిగ్గా పనిచేయదు. ప్రపంచవ్యాప్త పంపిణీ అన్నచోట ఆన్‌లైన్ అంగళ్లలో పేరు నమోదు చేయడం తప్ప ఏమీ లేదు. ఐ.ఎస్.బి.ఎన్. ఇప్పించడానికి రుసుము వేశారు. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయిత తానే ప్రచురణకర్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంస్థ తన పేరుమీద తీసుకున్న సంఖ్య వేస్తే రికార్డుల్లో ప్రచురణకర్త ఆ సంస్థే. రేపు ఆమె మరోచోట వేయించుకుంటే కొత్త సంఖ్య తీసుకోవాలి.

అన్నిటికన్నా మోసపూరితమైనది "నూరు శాతం రాయల్టీ" అనే హామీ. లెక్క వేసి చూపిస్తాను. పుస్తకం వెల 200 అనుకుందాం. ఆన్‌లైన్ అంగడి కమీషన్ 60 పోతుంది. ముద్రణ ఖర్చు కింద సంస్థ 90 మినహాయిస్తుంది. మిగిలిన 50లో నూరు శాతం రచయితది. ఆ 90లో నిజంగా ప్రెస్సుకు వెళ్లేది ఎంతో ఆమెకు ఎవరూ చూపించరు. ప్యాకేజీ కింద ముందే కొన్ని వేలు కట్టిన మనిషి, ప్రతి కాపీ మీద మళ్లీ కడుతోంది. ఇక "బెస్ట్ సెల్లర్" బిళ్ల. ఆన్‌లైన్ అంగళ్లలో ర్యాంకులు ఇరుకైన విభాగాలవారీగా, గంటగంటకూ మారుతుంటాయి. బంధువులు ఒకే సాయంత్రం కొన్ని కాపీలు కొంటే ఏదో ఒక విభాగంలో పైకి వస్తుంది. ఆ గంటలో తీసిన స్క్రీన్‌షాట్ పోస్టరవుతుంది.

ఈ దోపిడీని చూపించి, చూశారా, సొంత ప్రచురణ అంటే ఇదే అంటారు. కానే కాదు. ఇది వృత్తిపరమైన తోడ్పాటు పేరుతో జరుగుతున్న మోసం. దీన్ని ఎదుర్కోవాలంటే రచయితలు బయటికి వచ్చి మాట్లాడుకోవాలి. ఎవరు ఎంత తీసుకున్నారు, ఏం చేసిచ్చారు, లెక్కలు చూపించారా అని. తన డబ్బుతో వేసుకున్నానని చెప్పుకోవడమే చిన్నతనమైన చోట, మోసపోయానని ఎవరు చెబుతారు? ఆ మౌనమే ప్యాకేజీ వ్యాపారానికి పెట్టుబడి.

చట్టం రచయిత పక్షాన ఉందన్న సంగతి కూడా మనలో చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడ, ప్రతిఫలం ఎంత అన్నవి అందులో చెప్పాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది రద్దవుతుంది. నోటిమాట మీద నడిచే మన సాహిత్య లోకంలో ఈ నాలుగు ముక్కలు తెలిస్తే ఎన్ని పుస్తకాలు చెర వీడతాయో! ఇంకో బాధ్యత కూడా ఉంది. ప్రచురించిన ప్రతి పుస్తకాన్నీ ముప్పై రోజుల్లోగా కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో పంపాలని 1954 చట్టం చెబుతోంది. ప్రచురణకర్త రచయితే అయినప్పుడు ఆ బాధ్యత రచయితదే. పంపనివాళ్ల పుస్తకాలు దేశ గ్రంథపట్టికల్లో లేకుండా పోతున్నాయి. తోడ్పడే సంస్థ ముందుగా గుర్తుచేయాల్సిన పనుల్లో ఇదొకటి.

ఎదుటివాళ్ల వాదనల్లో నాకు నిజంగా బరువైనవి అనిపించేవి రెండున్నాయి. మొదటిది, ముందే డబ్బు ముట్టిన ప్రచురణకర్తకు పుస్తకం అమ్మాలన్న ఆకలి ఉండదన్నది. ఇది నిజం. దానికి మందు ఒప్పందంలో ఉంది. ఎడిటింగ్‌కు, పేజీల తయారీకి, అచ్చుకు వేర్వేరుగా బిల్లు తీసుకోవాలి. అమ్మకం మీద మాత్రం కమీషన్ పద్ధతి ఉండాలి, అమ్మితేనే వాళ్లకు డబ్బు. ఎగర్టన్ ఆస్టెన్ పుస్తకం అమ్మింది ఆ పద్ధతిలోనే. దీనితోపాటు ఇంకొక గీటురాయి ఉంది. డబ్బు ఇస్తామన్నా కొన్ని రాతప్రతులను వద్దని తిప్పి పంపే సంస్థే ప్రచురణ సంస్థ. వచ్చిన ప్రతి రాతప్రతినీ ఒప్పుకునేది అచ్చు దుకాణం. దాని దగ్గర అచ్చు కొనుక్కోవచ్చు, పరవాలేదు, కానీ అంతకుమించి ఏమీ ఆశించకూడదు.

రెండో వాదన నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. డబ్బున్నవాళ్లే పుస్తకం వేసుకోగలిగితే, లేనివాళ్ల సంగతేమిటి? కూలిపని చేసుకుంటూ కవిత్వం రాసే మనిషి, సొంత ఆదాయం లేని గృహిణి, కుటుంబంలో తొలిసారి కాలేజీ మెట్లెక్కిన అమ్మాయి వేలకు వేలు ఎక్కణ్నుంచి తెస్తారు? ఈ ప్రశ్నకు సొంత ప్రచురణ దగ్గర జవాబు లేదు. వ్యాపార ప్రచురణ దగ్గర కూడా లేదు, అది వాళ్లకోసం ఎప్పుడూ తలుపు తెరవలేదు. జవాబు మన ఇంటిపన్ను రసీదులో ఉంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద ప్రతి రూపాయి ఆస్తిపన్ను మీద ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బు పుస్తకాల కొనుగోలుకు క్రమంగా, ఏటేటా, తొలి పుస్తకాలకు కొంత వాటా కేటాయించి ఖర్చు పెడితే, కొన్ని వందల ప్రతులకు ముందే కొనుగోలుదారు దొరికినట్లు. అప్పుడు ఏ చిన్న ప్రచురణ సంస్థయినా ఆ అమ్మాయి కథల్ని తన ఖర్చుతోనే వేస్తుంది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. దాశరథి 'అగ్నిధార'ను 1949లో అచ్చులోకి తెచ్చింది ఆ గ్రంథమాలే. ఒక మనిషి నిజాం పాలనలో మొదలుపెట్టి చేసిన పనిని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయలేకపోవడాన్ని నిలదీయాల్సింది పోయి, మన కోపమంతా జేబులోంచి డబ్బు తీసిన రచయిత మీద చూపించడం న్యాయం కాదు.

కాబట్టి సమీక్షకులకు నా విన్నపం: ప్రచురణ వివరాల పేజీ చూసి పుస్తకం పక్కన పెట్టకండి. పది పేజీలు చదవండి, బాగాలేకపోతే బాగాలేదని గట్టిగా రాయండి, ఆ తీర్పు రాతకు సంబంధించినదై ఉండాలి. ప్రచురణ సంస్థలకు: ఒప్పందం తెలుగులో ఇవ్వండి, ఎన్ని ప్రతులు అచ్చయ్యాయో, ఎన్ని అమ్మారో ఆరు నెలలకోసారి రాసివ్వండి. రచయితలకు: మీ డబ్బు, మీ పుస్తకం, తలెత్తుకుని చెప్పండి. సంతకం చేసేముందు మాత్రం, నా రాతప్రతిని ఎడిట్ చేసేది ఎవరు, వాళ్ల పేరు పుస్తకంలో వేస్తారా అని అడగండి. ఆ పేరు చెప్పలేని సంస్థకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.